దశరథ్ శిథిలాలకు స్వాగతం

"ఒకటిన్నర మీటర్లు!"

రుచిత నన్ను ఎదురుగా చూసి అన్న మొట్టమొదటి మాట అది. ట్రియర్ స్టేషన్ బయట సన్నగా జల్లు పడుతోంది. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని, నవ్వుతూ నాలుగడుగులు ముందుకు వేశాను. ఆమె మూసిన గొడుగును అడ్డంగా చాచి నన్ను అక్కడే ఆపేసింది. మాస్కు వల్ల కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్లలో నవ్వన్నది లేదు.

మాకు ఫిబ్రవరిలో సంబంధం కుదిరింది. తను ఇక్కడ జర్మనీలోనే జీగెన్‌లో మెకట్రానిక్స్ మాస్టర్స్ చదువుతోంది. నేను జిండెల్ఫింగెన్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. మార్చిలో కలుద్దాం అనుకునేసరికి లాక్‌డౌన్ వచ్చిపడింది. కరీంనగర్‌లో మావాళ్లు, కాకినాడలో వాళ్లవాళ్లు వీడియో కాల్‌లోనే తాంబూలాలు పుచ్చుకున్నారు, ఎవరి పళ్లెం వాళ్లే.

మేమిద్దరం మాత్రం వాయిస్ మెసేజ్‌ల మీద బతికాం. వీడియోలో మొహం చూస్తే నేను నీళ్లు నములుతాను. మైకు గుర్తు నొక్కి పట్టుకుంటే నా నోటికి అడ్డు ఉండదు. అందుకే ఐదు నెలల్లో రుచిత 'మీరు' నుంచి 'నువ్వు'కి, 'నువ్వు' నుంచి 'ఓయ్ దశరథ మహారాజా'కి వచ్చేసింది.

జూలైలో రూల్స్ సడలించాక, ఇద్దరికీ ఇంచుమించు ఒకే దూరం పడుతుందని ట్రియర్ అనుకున్నాం. రోమన్ స్నానశాలల శిథిలాలు, ఆరుబయట నడక, ఫోన్‌లో ఆడియో గైడ్. "ఇద్దరం ఒకటి, రెండు, మూడు అని ఒకేసారి ప్లే నొక్కాలి. నువ్వు వినేదే నేనూ వినాలి," అని పోయిన వారం తనే మెసేజ్ పెట్టింది.

ఆ గొంతుకీ, ఇవాళ్టి గొడుగుకీ పొంతనే లేదు.

నేను ఇవాళ ఆమెకు ఒక సంగతి చెప్పాలని వచ్చాను. నా ఉద్యోగం పోయింది. మేలో నోటీసు ఇచ్చారు, జూన్ ముప్పైతో ఆఖరు. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి మూడు నెలలు టైమ్ ఉంటుంది. సెప్టెంబరు దాటితే నేను పెట్టె సర్దుకోవాలి. ఈ సంగతి మా అమ్మకు తెలీదు, రుచితకు తెలీదు. చెప్పడానికి ధైర్యం చాలక పొద్దున్నే లేచి సర్వపిండి చేసి తెచ్చాను, అదేదో లంచమైనట్టు.

టికెట్ల దగ్గర అద్దం వెనకాల ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కరోనా వల్ల హ్యాండ్‌సెట్లు ఇవ్వడం లేదనీ, గోడ మీది కోడ్ స్కాన్ చేసి ఎవరి ఫోన్‌లో వాళ్లు వినాలనీ, నేల మీద బాణాల దారిలోనే నడవాలనీ, వెనక్కి రాకూడదనీ చెప్పింది. తర్వాత పేరు, అడ్రసు రాసే ఫారం తీసి, ఒకే ఇంటివాళ్లా అని అడిగింది. ఒకే ఇంటివాళ్లైతే ఒక్క ఫారం చాలట.

"నోఖ్ నిష్ట్," అన్నాను. ఇంకా కాలేదు అని.

"నైన్," అంది రుచిత, సరిగ్గా అదే క్షణంలో. కాదు అని.

పెద్దావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి రెండు ఫారాలు ఇచ్చింది.

లోపలికి వెళ్లాక రుచిత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నన్ను చూడకుండానే ప్లే నొక్కేసుకుంది. ఒకటీ లేదు, రెండూ లేదు. నేను కొలత తీసినట్టు ఒకటిన్నర మీటర్ల వెనకాల నడిచాను. స్టాప్ వన్ బోర్డు దగ్గర తను గిర్రున తిరిగింది.

"మీ అమ్మగారు మొన్న ఫోన్ చేశారండీ."

అండీ!

"అవునా? ఏమన్నది?"

"శ్రావణం ముహూర్తం ఎందుకు తప్పిందో చెప్పారు. మీరు చెప్పండి, ఎందుకు తప్పింది?"

"ఫ్లైట్లు లేవు గదా. కరోనా."

"మరి కార్తీకం?"

"అది గూడ... కరోనానే."

"కరోనాకి పంచాంగం చూడ్డం వచ్చేంటి?"

ఇయర్‌ఫోన్లు తీసి చెవుల్లో పెట్టుకున్నాను. "ఒక్క నిమిషం. స్టాప్ వన్ ఐపోనీ."

"జ్యేష్ఠం ముహూర్తం పోయిందంటే నిజంగానే లాక్‌డౌన్. ఆ తర్వాతవి రెండూ మీరే వద్దన్నారట. 'మావోడే ఒద్దంటున్నడు బిడ్డా, నీకు చెప్పలేదా?' అని ఆవిడ నన్నే అడిగారు. నేను ఫోన్ పట్టుకుని వెర్రిమొహం వేశాను."

మా అమ్మ యాస ఆమె నోట అచ్చు దిగింది. వేరే రోజైతే పడీ పడీ నవ్వేవాణ్ని.

బాణాలు మమ్మల్ని స్టాప్ టు దగ్గరికి తీసుకెళ్లాయి. ఎదురుగా ఎర్ర ఇటుకల చారలతో రెండంతస్తుల గోడ, అందులో ఖాళీ కిటికీలు. కిటికీల్లోంచి జల్లు లోపలికి కొడుతోంది.

"ఇంకో అమ్మాయి ఉందా?"

"లేదు! అయ్యో, లేదు."

"పోనీ నేను నచ్చలేదా?"

"నచ్చినవ్."

"మరి?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఐదు నెలలుగా ఫోన్‌లో ఉన్న మనిషి గొడుగు కింద నిలబడి, తడి కళ్లతో నా మొహంలోకే చూస్తోంది. ఇయర్‌ఫోన్ సర్దుకుని, ఏదో ముఖ్యమైంది వింటున్నట్టు తలాడించాను.

రుచిత నా ఇయర్‌ఫోన్ వైపు చూసింది.

"విన్నారా?"

"ఊఁ."

"ఏం విన్నారు?"

"అదే... రోమన్ల గురించి."

"ఇక్కడ ఒక్కరు కూడా స్నానం చెయ్యలేదట. ఇంత గోడ కట్టి, నీళ్లు కాచే పొయ్యిల కోసం నేల కింద దారులన్నీ వేసి, మధ్యలో వదిలేశారట. వింటుంటే మన సంగతే చెప్తున్నట్టుంది నాకు." గొడుగు మూసింది. "సాయంత్రం ఆరింటికి పంతులుగారు మీ ఇంటికొస్తారు. కార్తీకం ఉంచాలో తీసెయ్యాలో ఆఖరి మాట ఇవాళే చెప్పాలి. అంటే ఇక్కడ రెండున్నర. అప్పటిదాకా మీకు టైముంది. మీరు చెప్పకపోతే నేనే ఫోన్ చేసి, ఈ సంబంధం వద్దని చెప్పేస్తాను."

అనేసి, బాణాల వెంట నేల కింది దారిలోకి గబగబా దిగిపోయింది.

టైమ్ చూశాను. రెండు దాటి ఐదు నిమిషాలు. వెనకాలే పరిగెత్తబోతే, మెట్ల దగ్గర కాపలా ఉన్న ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఒకే ఇంటివాళ్లా అని తనూ అడిగింది. ఈసారి నేను కూడా "నైన్" అనాల్సి వచ్చింది. అయితే పది నిమిషాలు ఆగాలట, లోపల ఇరుకట.

పది నిమిషాలు! ఆ మెట్ల ముందు వానలో నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను. ఆమె ఎదురుగా లేదు. చేతిలో ఫోన్ ఉంది. మైకు గుర్తు మీద నా బొటనవేలు దానంతట అదే వెళ్లింది.

"నమస్కారం. దశరథ్ శిథిలాలకు స్వాగతం. ఈ టూర్ మూడు నిమిషాలు. దయచేసి మధ్యలో ఆపకండి.

"స్టాప్ వన్. మీకు ఎడమవైపు ఒక ఖాళీ స్థలం కనిపిస్తుంది. జూన్ ముప్పై దాకా అక్కడ ఒక ఉద్యోగం ఉండేది. మేలో కంపెనీ వాళ్లు ఉత్తరం పంపారు. చాలా మర్యాదగా రాశారు.

"స్టాప్ టు. ఇది బ్లూ కార్డు. మీ నాన్నగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న దీని గురించే. సెప్టెంబరు ఆఖరు దాకా నిలబడే ఉంటుంది, తర్వాత కూలిపోవచ్చు. సందర్శకులు దగ్గరికి వెళ్లరాదు.

"స్టాప్ త్రీ..."

అక్కడ గైడు గొంతు జీరపోయింది. నా గొంతే మిగిలింది.

"రుచితా, ఇగ ఆ గొంతుతోని మాట్లాడుడు నాతోని కాదు. రెండు ముహూర్తాలు నేనే ఒద్దన్న. ఉద్యోగం లేదంటే నువ్వు కాదనవ్, నాకు తెలుసు. జాలితోని ఔనంటవేమో అని భయమైంది. ఇందాకటి సంది ఇయర్‌ఫోన్లు చెవుల్ల పెట్టుకున్నగని ఒక్క స్టాప్ గూడ వినలే. ప్లే నొక్కనే లేదు. నువ్వు అడుగుతుంటే దాక్కునేతందుకు జాగ లేక అట్ల చేసిన. నువ్వంటే నాకు పాణం. ఈ ముచ్చట ముందుగాల చెప్పాలె, ఉద్యోగం ముచ్చట తర్వాత చెప్పాలె. నేనే తలకిందులు చేసిన. అమ్మకు ఫోన్ చేస్త అన్నవ్ గదా, చెయ్యి. కానీ ఇది విన్నంక చెయ్యి."

పంపాను. ఒకటే టిక్కు పడింది. ఆమె నేల కింద ఉంది, అక్కడ సిగ్నల్ ఉండదు.

రెండూ పదహారుకి నన్ను లోపలికి వదిలారు. చల్లగా, మసక చీకటిగా ఉంది. ఒక దారి ఇంకో దారిలోకి, అది ఇంకోదాన్లోకి. రోమన్లు ఇన్ని దారులు ఎందుకు వేశారో అని వాళ్లను కూడా తిట్టుకున్నాను. ఒకచోట నేల మీద బాణం పక్కన నీటి చుక్కలు కనిపించాయి. ఆమె గొడుగు నుంచి కారినవి. ఆ చుక్కలు పట్టుకుని నడిచాను. ప్రతి మలుపులోనూ ఫోన్ చూశాను. నా ఫోన్‌లో కూడా సిగ్నల్ పోయింది. ఇక టిక్కులు చూసే వీలు కూడా లేదు.

మెట్లెక్కి పైకి వచ్చేసరికి రెండూ ఇరవై ఎనిమిది.

దూరంగా ఒక రాతి దిమ్మ మీద రుచిత కూర్చుని ఉంది. గొడుగు పక్కన పడేసింది. ఫోన్ చెవి దగ్గరుంది.

అయిపోయింది అనుకున్నాను. రెండు నిమిషాలు కూడా ఆగలేకపోయింది. అమ్మతోనే మాట్లాడుతోంది. అక్కడే ఆగాను. అలా నిలబడి చూస్తే, మాస్కు కదలడం లేదు. తను మాట్లాడటం లేదు. వింటోంది.

ఫోన్ దించింది. ఏదో నొక్కి మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది. మళ్లీ వింది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"ఉద్యోగం పోయిందని చెప్పడానికి రోమ్ సామ్రాజ్యం కావాల్సొచ్చిందా నీకు?"

నీకు అంది. నేను దగ్గరికి వెళ్లి, కొలత ప్రకారం ఆగాను.

"కోపమొచ్చిందా?"

"చాలా! ఉద్యోగం పోయినందుక్కాదు. అవి నా పెళ్లి ముహూర్తాలు కూడాను. నన్ను ఒక్కమాట అడక్కుండా రెండిటినీ నువ్వొక్కడివే తోసేశావ్. ఇంకో అమ్మాయి ఉందేమో, నా రంగు నచ్చలేదేమో అని మూడు రోజులు ఏడ్చాను తెలుసా?" ఇప్పుడు కూడా ఏడుస్తోంది.

"తప్పైంది," అన్నాను. ఇంకేం చెప్పినా అది సాకే అవుతుంది.

నా ఫోన్ మోగింది. అమ్మ. సరిగ్గా రెండున్నర.

"ఎత్తు. స్పీకర్లో పెట్టు. ఇంకో స్టాప్ మిగిలుంది నీకు," అంది రుచిత.

"ఏమిరా, పంతులొచ్చి కూసున్నడు. ఏం చెప్పమంటవ్?" మా అమ్మ బాలామణి గొంతు శిథిలాలంతా వినిపించింది.

"అమ్మా... నా ఉద్యోగం పోయింది. మేలనే చెప్పిన్రు."

అవతల ఫ్యాను ఆపేసిన చప్పుడైంది.

"రెండు నెలల సంది నాతోని అబద్ధాలాడుతున్నవా?"

"ఔనమ్మా."

"అన్నం తింటున్నవా?"

నా కళ్లు మసకబారాయి. "తింటున్ననే."

"ఆ పిల్లకు చెప్పినవా మరి?"

రుచిత కళ్లు తుడుచుకుని ఫోన్ మీదికి వంగింది. "ఇప్పుడే చెప్పారండీ అత్తయ్యగారూ. పక్కనే ఉన్నాను."

"అయ్యో బిడ్డా! నువ్వేమంటవో చెప్పమ్మా. వీని మాట ఇగ నేను ఇనను."

రుచిత నా వైపు చూడలేదు.

"కార్తీకం ఉంచమనండి."

"ఉద్యోగం లేకపాయె గదమ్మా?"

"దొరికితే సెలవు పెట్టుకుని వస్తారు. దొరక్కపోతే అప్పటికి ఎలాగూ కరీంనగర్లోనే ఉంటారు కదండీ. పెళ్లికొడుకు వస్తాడో రాడో అన్న బెంగ కూడా లేదు."

అవతల పంతులుగారు పెద్దగా నవ్వడం వినిపించింది. అమ్మ మాత్రం నవ్వలేదు. "మీ నాయన ఏమంటడో బిడ్డా?" అంది, బెరుగ్గా.

"నాన్నకి నేను చెప్పుకుంటాను. ఆయనకి బ్లూ కార్డే కావాలంటే, చదువయ్యాక నాకొస్తుంది. అది చూసుకోమంటాను."

ఫోన్ పెట్టేశాను. వాన వెలిసింది. నేనే అడిగాను.

"జాలితోనా?"

"కోపంతో. ఈ కోపం కార్తీకం దాకా ఉంటుంది. ఈలోపు నీకు ఇంటర్వ్యూ వచ్చినా చెప్పాలి, పోయినా చెప్పాలి. అదే రోజు చెప్పాలి." చెయ్యి చాచింది. "ఆ డబ్బా ఇటివ్వు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

మాస్కు కిందికి లాగి సర్వపిండి ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. మొహం మొత్తం నేను ఎదురుగా చూడటం అదే మొదటిసారి. ఏడ్చిన ముక్కు ఎర్రగా ఉంది. చెంప మీద మాస్కు దారం గీత పడింది. నేను అలా చూస్తూ ఉండిపోయాను.

"ఉప్పెక్కువ," అంది. ఇంకో ముక్క తుంచింది.

తర్వాత కొంచెం దూరంలోనే ఉన్న రోమన్ల యాంఫీథియేటర్‌కి వెళ్లాం. అక్కడా అద్దం, అక్కడా ఫారాలు. ఒకే ఇంటివాళ్లా అని అడిగాడు లోపలున్న కుర్రాడు. నేను నోరు మూసుకున్నాను. ఈ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత ఇవాళ్టికి నాకు లేదు.

రుచిత నా వైపు ఒకసారి చూసి, అద్దం వైపు తిరిగింది.

"నోఖ్ నిష్ట్," అంది.