మహిమ అడిగిన ముప్పై ఒక్క మార్పులు

బేతంచెర్లలో జయరాజ్‌కు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. నడుము నొప్పితో ఆయన ఇంటిపట్టున ఉండిపోయినప్పటి నుంచి కూతురు మహిమే దాన్ని నడుపుతోంది. ఆర్డర్లు, స్టాకు, లోడింగు అన్నీ ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్ పెట్టడానికి కర్నూలు నుంచి అవినాష్ వచ్చాడు. వచ్చీరాగానే మహిమ అతని ముందు నాలుగు కాగితాలు పెట్టింది. సాఫ్ట్‌వేర్‌లో ఆమెకు కావలసిన మార్పులు, ముప్పై ఒకటి.

"ఇన్ని మారిస్తే ఇది మా సాఫ్ట్‌వేర్ కాదు మేడం," అన్నాడు అవినాష్.

"మాది అవుతాది. దానికే కదా కొంటాండేది?"

"కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మార్చినవన్నీ మళ్లీ సరిచేసుకోవాల. కొన్న చొక్కాకు చేతులు పొట్టి చేయమంటే చేస్తాం. దాంతోనే ప్యాంటు కుట్టమంటే ఎట్ల?"

మహిమ నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. ఆమె చెంపకు అంటిన రాతిపొడి చూసి, అవినాష్ చెప్పాల్సిన రెండో కారణం మరచిపోయాడు.

"రాండి, రాళ్లు చూద్దురు," అంది.

బయట దాసన్న మేస్త్రీ మూడు బండల మీద చెంబుతో నీళ్లు చల్లాడు. అప్పటిదాకా అవినాష్ కంటికి మూడూ ఒకటే. తడవగానే ఒకటి పావురం మెడలా నీలంగా, ఒకటి వానమబ్బులా, ఇంకొకటి పొయ్యిలో బూడిదలా తేలాయి.

"మీ దాంట్లో మూడిట్నీ 'గ్రే' అనే పెట్టినారు," అంది మహిమ. "పోయిన నెల రాయచోటి చర్చికి ఇట్లే కలిపి పంపినాం. సగం పరిచినాక చూసి అంతా పీకేసినారు. ఆదివారం ప్రార్థనకు జనం మట్టిలో కూర్చున్నారు. నాకు వారం రోజులు అన్నం దిగలేదు."

అవినాష్ కాగితాలు తీశాడు. మూడు రంగులకూ మూడు పేర్లు కావాలన్న మార్పు పక్కన టిక్కు పెట్టాడు.

ఆ తరువాత రెండు వారాలు పొద్దున్నే బస్సులో వచ్చేవాడు. కిటికీ అవతల ఎండిన చేలు, రాతిగుట్టలు, వాటి మీద పలచటి ఎండ. దారంతా ఆమె ఏమంటుందో, తానేమనాలో అనుకుంటూనే ఊరు వచ్చేసేది. ఇద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చుని ఒక్కొక్క మార్పూ తేల్చేవారు.

"బిల్లు చుట్టూ పూలు?"

"కొట్టేయండి."

"స్క్రీన్‌కు గులాబీ రంగు?"

"దినమంతా దాన్ని చూసేది నేను కదప్పా."

చనువుగా 'అప్పా' అనేసినందుకు ఆమె నాలుక కరుచుకుంది. అతను తల ఎత్తకుండానే, "ఆ రంగు మా దాంట్లో ముందే ఉండాదిలే," అన్నాడు. ఆ మార్పునూ కొట్టేశాడు.

కొట్టేయగా కొట్టేయగా అయిదు మిగిలాయి. అయిదో దాని దగ్గర గొడవైంది. ప్రతి లోడుకూ జయరాజ్ ఫోన్‌లో ఒప్పుకుంటేనే లారీ కదలాలని ఆ మార్పు.

"ఆయన నిద్రపోతే లారీ నిలబడిపోతాది మహిమా."

"నాయన చేతిలో ఇంకేం మిగిలింది? ఇది కూడా తీసేయమంటారా?"

అవినాష్ నెమ్మదిగా, "ఆయన్నే అడుగు. ఆయన కావాలంటే ఎంత కష్టమైనా చేసిస్తా," అన్నాడు.

మహిమ అడిగింది. జయరాజ్ మంచం మీంచే చెయ్యి ఊపాడు. "ఫోన్ నొక్కే పని నాకొద్దమ్మా. నువ్వు నెల నుంచి మొగం చూపిస్తావు, వెళ్లిపోతావు. సాయంత్రం పది నిమిషాలు పక్కన కూర్చుని ఈ దినం ఏ రాయి యాడికి పోయిందో చెప్పు. అది చాలు."

మరునాడు మహిమ అయిదోదాన్ని తానే కొట్టేసింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి, ముఖం మాత్రం తేటగా ఉంది.

నాలుగు మార్పులతో సాఫ్ట్‌వేర్ నడిచింది. పని ముగిసిన రోజు ఆమె స్కూటీ మీద అతన్ని బస్టాండులో దింపింది. కర్నూలు బస్సు వచ్చింది. అవినాష్ ఎక్కలేదు.

"పోతాంది," అంది మహిమ.

"పోనీ. రేపట్నుంచి ఈ ఊరికి రావడానికి నాకు కారణం లేదు. అది తలుచుకుంటే ఏం తోచడంలేదు. నిన్ను పెళ్లి చేసుకోవాలని ఉంది మహిమా."

ఆమె స్కూటీ తాళంచెవి వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడింది. రెండో బస్సు కూడా కదిలిపోయాక, "ఎక్కు, ఇంటికి పోదాం," అంది.

జయరాజ్ ముందు కూర్చున్నాక అవినాష్ చుట్టూ తిప్పి మాట్లాడాడు. తన ఉద్యోగం చెప్పాడు, అమ్మ యశోద కర్నూలులో టీచరని చెప్పాడు, ఎండలు ముదిరాయని కూడా చెప్పాడు.

"నాయనా, ఈయన అసలు సంగతికి వచ్చేసరికి పొద్దుగూకుతాది," అంది మహిమ. "నన్ను చేసుకుంటానంటాండాడు. నాకూ ఇష్టమే."

జయరాజ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. దిండుకు ఆనుకుని, మెల్లగా నిటారుగా కూర్చున్నాడు.

"ఏమప్పా," అన్నాడు అవినాష్‌తో, "ఆదివారం మీ అమ్మను పిలుచుకొనిరా. ఇప్పుడైతే ముందు అన్నం తిను."