పెద్దోని మద్దెల

మూడు నెలలుగా ఈరన్నకు కంటి నిండా నిద్ర లేదు. రోగమేమీ రాలేదు. రెండు చిన్న స్పీకర్లు, ఒక నల్ల పెట్టె కలిసి అతన్ని సతాయిస్తున్నాయి.

గద్వాలలో ఎరువుల దుకాణంలో గుమాస్తా అతను. పాటల పిచ్చి ఏ కోశానా లేదు. ఇదంతా తల్లి హన్మమ్మ కోసం. పదిహేనేళ్ల కింద చనిపోయిన పెద్దకొడుకు భీమయ్య భజనల్లో మద్దెల కొట్టేవాడు. ఒకనాటి భజనను ఎవరో క్యాసెట్‌కి ఎక్కించారు. అతనిది మిగిలింది అదొక్కటే. హన్మమ్మకు ఇప్పుడు మనిషి మాట వినపడదు, అరిస్తే తప్ప. బరువైన చప్పుడు మాత్రం, వీధిలో లారీ పోయినా సరే, గుర్తుపడుతుంది. శివరాత్రినాడు కొడుకు చేయి పట్టుకుని అడిగింది. "ఒక్కపారి పెద్దోని మద్దెల ఇనిపియ్యిరా. నేను పొయ్యేలోపల."

ఇంట్లో ఉన్న టేప్ రికార్డర్‌లో మద్దెల టకటకమనడం తప్ప పలకలేదు. ఈరన్న హైదరాబాద్ పోయి యాంప్లిఫయరూ, పుస్తకాల అరలో పట్టే స్పీకర్లూ తెచ్చాడు. అరలో పెడితే పాట డబ్బాలోంచి వచ్చినట్టుంది. గోడకు మూరెడు దూరం జరిపి, చెవి ఎత్తున స్టూళ్ల మీద పెట్టాడు. గొంతులు విచ్చుకున్నాయి. తాళాలు గణగణలాడాయి. మద్దెల మాత్రం రాలేదు. అంత చిన్న స్పీకర్లకు అంత లోతు చప్పుడు చాతకాదు. అందుకని సబ్‌వూఫర్, అంటే ఆ నల్ల పెట్టె, ఇంటికొచ్చింది.

అది వచ్చిన గడియ ఎట్లాంటిదో గానీ, మూలకు పెడితే పిండిగిర్ని, తలుపు దగ్గర పెడితే మూగనోము. చిన్న స్పీకర్లు ఎక్కడ చేతులెత్తేస్తాయో సరిగ్గా అక్కడ ఆ పెట్టె అందుకోవాలట. దానికొక మీట. మీట కాస్త పెంచితే పాడేవాడు కుండలో తలపెట్టి పాడినట్టుంటుంది. తగ్గిస్తే మద్దెల మాయం. ఈరన్న పళ్లు నూరాడు. మీటను తిట్టాడు, పెట్టెను తన్నాడు, కాలి వేలు వాచింది.

"పిల్లి పిల్లల్ని తిప్పినట్టు తిప్పుతున్నవేందయ్యా ఆ పెట్టెను?" అని నవ్వింది భార్య సుమన. అతనికి నవ్వు రాలేదు. క్యాసెట్ అప్పటికే రెండుసార్లు చిక్కుకుంది. "ఇగ నాలుగైదు పార్లకంటె ఎక్కువ నడ్వదన్నా" అని రేడియో మెకానిక్ ప్రదీప్ చెప్పేశాడు.

మే నెల ఆదివారం. సుమన పుట్టింటికి పోయింది. మిట్టమధ్యాహ్నం వడగాలికి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఇంట్లో చీకటి. హన్మమ్మ వంటింటి గడప దగ్గర, చల్లగా ఉంటుందని ఉత్త బండల మీదే పడుకుని ఉంది. ఈరన్న ప్రదీప్‌కు ఫోన్ చేశాడు, గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"అన్నా, ఉల్టా చెయ్యి. అమ్మ కూసునే మంచం మీద పెట్టెను పెట్టు. పాట పెట్టి, నువ్వు గోడల పొంటి అంబాడుకుంట పో. మద్దెల ఏడ సాఫ్‌గ ఇనొస్తే, పెట్టె జాగ గదే."

ముప్పై అయిదేళ్ల మనిషి మోకాళ్ల మీద పాకడం మొదలుపెట్టాడు. మూలలో అదే గిర్ని. బీరువా పక్కన చప్పుడే లేదు. తలుపు దగ్గర వట్టి గొణుగుడు. చెమట కళ్లలోకి కారుతోంది. తూర్పు గోడ కింద బియ్యం బస్తాలున్నాయి. ఆ జాగా ఒక్కటే ఇంతవరకూ చూడలేదు. చూడలేదా, చూడదలచుకోలేదా, అది అతనికే తెలియాలి.

బస్తాలు జరిపి తల వంచాడు.

మద్దెల పలికింది. ఎడమచేతి గుమ్మూ, కుడిచేతి వేళ్ల చిటపటా, వేలు వేలుకూ విడిగా. అన్న ఎదురుగా కూర్చున్నట్టే ఉంది.

అతని మోకాళ్ల కింద, అంచుల వెంట సిమెంటు పూసిన బండ. దాని కింద పాతర. జొన్నలు నిల్వ చేసే గొయ్యి.

మూసిపెట్టిన పాతరలో చెడుగాలి ఉంటుంది. మూత తీసి, దీపం దించి చూడాలి. దీపం ఆరితే మనిషి దిగకూడదు. పదిహేనేళ్ల కింద ఆ రోజు దీపం దించింది ఈరన్నే. సగంలోనే ఆరింది. మధ్యాహ్నం ఆటకు సినిమాకు పోవాలన్న తొందరలో "పైగాలికి ఆరిందన్నా, దిగు" అన్నాడు. భీమయ్య దిగాడు. కాసేపటికి లోపల గోడ మీద దరువు మొదలైంది. గిన్నె దొరికినా పలక దొరికినా వాయించే మనిషి కదా అని, ఈరన్న పైనుంచి చప్పట్లతో తాళం వేశాడు. దరువు ఆగింది. మళ్లీ మొదలు కాలేదు.

దీపం చివరిదాకా వెలిగిందనే ఊరందరికీ చెప్పాడు. చప్పట్ల సంగతి సుమనకు కూడా చెప్పలేదు.

"ఇక్కడొద్దు" అని పైకి అనేశాడు. ఇల్లంతా ఉండగా ఆ మద్దెలకు ఈ జాగానే కావాలా! లేచిపోయి టేపు ఆపబోయాడు.

అంతలో కరెంటు పోయింది.

ఫ్యాను నిలిచింది. యాంప్లిఫయర్ ఎర్ర దీపం ఆరిపోయింది. మంచం మీద పెట్టె మూగబోయింది.

మద్దెల ఆగలేదు...

కింది నుంచి వస్తోంది. అరికాళ్లకు తెలుస్తోంది. ముక్కిన జొన్నల వాసన, తడిమట్టి వాసన, సిమెంటు అంచుల్లోంచి సన్నగా పైకి వస్తున్నాయి. ఈరన్న తలుపు వైపు ఒక అడుగు వేసి అక్కడే నిలబడిపోయాడు.

గుమ్... గుమ్... గుమ్ గుమ్.

ఆగింది.

అది అయిపోయినట్టు లేదు. ఎదురుచూస్తున్నట్టుంది.

"చప్పట్లు కొట్టవేందిరా?"

ఈరన్న గిర్రున తిరిగాడు. గడప దగ్గర తల్లి కదలకుండా పడుకునే ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. చెవి బండకు ఆనించి ఉంది.

"అమ్మా..." అన్నాడు గుసగుసగా.

"కొట్టు బిడ్డా. పెద్దోడు నీ కోసమే ఆగిండు."

రెండు చేతులూ కలిశాయి. ఒకటి... రెండు...

కింద దరువు అందుకుంది.

కరెంటు సాయంత్రం ఆరింటికి గానీ రాలేదు. అప్పటిదాకా చప్పట్లు ఆపడానికి అతనికి ధైర్యం చాలలేదు. అరచేతులు కమిలిపోయాయి. ఫ్యాను తిరగగానే దరువు నిలిచింది. హన్మమ్మ మెల్లగా లేచి కూర్చుంది. చెంప మీద బండ అచ్చు పడి ఉంది. మొహంలో మూడు నెలలుగా లేని తృప్తి.

"కడుపు నిండినట్లయిందిరా" అంది.

ఈరన్న ఏడుస్తూ ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆమె అతని తల నిమిరింది. చాలాసేపు నిమిరింది. తర్వాత అతని చెవి దగ్గరికి వంగింది.

"దీపం సంగతి గూడ చెప్పిండు."