మూగ తెర మీద అమ్మ మాట

"ఆ టిక్కెట్లు నా కళ్ళ ముందు పెట్టొద్దు! తీసుకెళ్ళి పొయ్యిలో పడెయ్!"

అత్తగారు పెయ్‌జన్ అలా అరవడం మెయ్‌ఫెన్ ఎప్పుడూ వినలేదు. కాపురానికొచ్చి నెలైనా నిండలేదు మరి! సమాధులు శుభ్రం చేసే పండుగ కదా అని, సందు చివరి అంగడిలో పొగలు కక్కుతున్న ఆకుపచ్చ పిండి ఉండలు కొని, వాటి పక్కన సినిమా టిక్కెట్లు పెట్టి అత్తగారిని మురిపిద్దామనుకుంది పిచ్చిపిల్ల...

ఆ సినిమా వాన్‌యీ జీవితకథ. మాటల్లేని సినిమాల కాలంలో షాంఘై అంతా వెర్రెత్తిపోయిన తార. పత్రికలు వేసిన నిందలు భరించలేక నిండు వయసులో ప్రాణం తీసుకున్న తార... పెయ్‌జన్‌ని కన్నతల్లి!

"అత్తయ్యా, ఊరంతా చూసి ఏడుస్తోందట. మీరు చూడకపోతే ఎలా?"

"ఊరు ఏడవనీ! ఊరికి ఉత్తరం రాసే పోయింది. తనని ముంచిన ఆ దగుల్బాజీ మగాడికీ రాసింది. ఏడేళ్ళ కూతురికి? ఒక్క మాట... ఒక్క మాటైనా లేదే!"

అందుకే పెయ్‌జన్ ఏ పండుగకీ తల్లి సమాధి దగ్గర అగరొత్తి వెలిగించలేదు. ఆమె ఫోటో ఒక పెట్టె అడుగున పడి ఉంది. కానీ తల్లి ఊరుకుందా? ఏటా చెట్లు చిగురించే ఈ రోజుల్లోనే కల్లోకి వచ్చి మంచం పక్కన నిలబడుతుంది! ముఖమంతా తెల్లటి పౌడరు... కదిలే పెదవులు... శబ్దం మాత్రం రాదు!

"చచ్చి కూడా నాతో మాట్లాడదే!" అంటూ ఆవిడ కుప్పకూలిపోయింది.

మెయ్‌ఫెన్‌కీ ఏడుపొచ్చింది. అన్నం గిన్నె దగ్గరికి జరిపి, "ముందు రెండు ముద్దలు తినండి, చల్లారిపోతోంది" అంది.

"అబ్బాయి రానీ."

ఆ ఇంట్లో అదో వింత. ఎవరు బయటున్నా సరే, పెయ్‌జన్ ముద్ద ముట్టదు. గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుంది. కొత్తకోడలు ఇంకా వేడన్నం రుచే చూడలేదు!

మర్నాడు మెయ్‌ఫెన్ కొత్త ఎర్రశాలువా కప్పుకుని, "సరే, ఒక్కదాన్నే వెళ్ళి హాల్లో వెక్కివెక్కి ఏడుస్తా. మొగుడు కొట్టాడేమో అనుకుంటారు. మీ అబ్బాయి పరువే పోతుంది!" అంది.

"ఓసి గయ్యాళీ!" పెయ్‌జన్‌కి నవ్వాగలేదు. చెప్పులు తొడుక్కుంది.

మ్యాట్నీ. తెరమీద ఎవరో కొత్త నటి హంసలా నడుస్తోంది. "మా అమ్మ అలా నడిచేదే కాదు, గుమ్మం గుమ్మానికీ తట్టుకునేది" అని పెయ్‌జన్ సణిగింది. అంతలో రంగులు మాయమయ్యాయి. వాన్‌యీ ఆఖరి సినిమాలోని అసలు ముక్క వేశారు. జైలు ఊచల వెనక తెల్లటి ముఖం... నిజంగా ఆమే! పెదవులు కదిలాయి. తర్వాత అక్షరాలు పడ్డాయి: 'లోకమా, నన్ను క్షమించు!'

హాలంతా వెక్కిళ్ళు. పెయ్‌జన్ కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది... ఉన్నట్టుండి నవ్వింది! పగలబడి నవ్వింది!

"ఏయ్ ముసలమ్మా! జనం ఏడుస్తుంటే ఇకిలింపులేంటి?" వెనకనుంచి ఎవరో కసిరారు.

"అది లోకంతో కాదే మెయ్‌ఫెన్... నాతో! ఆ రోజు నేను అక్కడే ఉన్నాను! కెమెరా పక్కన, పెట్టె మీద! ఆకలేస్తోందని ఏడ్చాను. మాటలు రికార్డయ్యే సినిమా కాదుగా, నటిస్తూనే మా దక్షిణాది యాసలో నాతో మాట్లాడింది! ఎలా మర్చిపోయానే... 'కప్పపిల్లా, ఏడవకు. అమ్మకి ఆలస్యమవుతుంది. నాకోసం చూడకుండా అన్నం తినెయ్'..."

నవ్వు అక్కడే ఏడుపైపోయింది. "కల్లో పెదవులూ అచ్చం ఇలాగే కదిలేవే! ఇన్నేళ్ళూ వచ్చి వచ్చి ఇదే చెబుతోందా? నేనేమో... నేనేమో గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను!"

ఆ షూటింగ్ జరిగిన వారంలోనే వాన్‌యీ చనిపోయింది. అప్పటికే నిర్ణయించుకునే అందో, మామూలుగా అందో... చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

సాయంత్రం ఫోటో పెట్టె అడుగునుంచి పైకొచ్చింది. దాని ముందు ఒక గిన్నె అన్నం, ఒక పచ్చటి పిండి ఉండ, చాప్‌స్టిక్స్ పెట్టి పెయ్‌జన్ అగరొత్తి వెలిగించింది. కొడుకు ఇంకా రాలేదు. అలవాటుగా మెయ్‌ఫెన్ కూరగిన్నె మీద మూత పెట్టబోయింది.

"మూత పెట్టొద్దే. వాడొచ్చినప్పుడు వాడు తింటాడు."

పొగలొస్తున్న ముద్ద నోట్లో పెట్టుకుని, పెయ్‌జన్ ఫోటో వైపు తిరిగింది. కళ్ళనుంచి ధారలు...

"తింటున్నానమ్మా... ఇక నువ్వూ తిను."