జానెడు కుడికి, కాస్త మెల్లగా

ఆరో బంతి కూడా వెళ్ళిన దారినే తిరిగి వచ్చింది. ఏసుపాదం తన్నుడుపెట్టెను ఆపి చేతిపలక చూసుకున్నాడు. ఎదురుగోడకు పగుళ్ళు లేవు, తేమ లేదు, తిరుగుబలం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. పొద్దుటి నుంచి ఇది నాలుగో ఇల్లు. నాలుగు గోడలూ భేష్. నాలుగు గోడల మధ్య బతుకంటే తనదేనని అతను రోజుకొకసారైనా అనుకుంటాడు.

“దోషం దొరికిందాండి?” అంది కాశులమ్మ. ఆ ఇంటి కోడలు. వలల మిల్లులో పొద్దుటి షిఫ్టు దిగి, చెమటైనా ఆరకుండా గోడ ముందు నిలబడింది.

“గోడ బంగారంలా ఉందమ్మా.”

“మరి నా పాదాంకం అరవయ్యొకటి దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయిందేంటండి?”

“మేకు కొట్టేది గోడకే కదమ్మా!” అని అతను పెద్దగా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

నవ్వే రోజు కాదది. పాదాంకాలు లెక్కగట్టే యంత్రం, తూనిక, ఐదింటికి జిల్లా జట్టు జాబితా వేస్తుంది. తొంభై దాటిన పాదాంకాలకే అందులో చోటు. ఇరవై ఏడేళ్ళు నిండినవాళ్ళ పేర్లు అసలే ఉంచదు. కాశులమ్మకు వచ్చే వారం నిండుతాయి. గోడలో దోషం ఉందని పరిశీలకుడు సంతకం పెడితేనే ఆమెకు ఇంకో పరీక్ష. గడియారంలో నాలుగూ ఇరవై అయింది.

కాకినాడ మైదానాల్ని ఎండా సముద్రమూ వాటాలేసుకున్నాక ఫుట్‌బాల్ నట్టింట్లోకి వచ్చేసింది. ఇంటికో ఎదురుగోడ, గోడకో నల్లచుక్క. చుక్కకు తగిలితే మార్కు, మార్కులన్నీ కలిపితే పాదాంకం. పేరులోనే పాదం ఉన్న ఏసుపాదం పంతొమ్మిదేళ్ళుగా ఈ పాదాంకాల కొలువులో ఉన్నాడు. పద్ధతిలో ఒక చిక్కుంది గానీ ఎవరూ పైకి అనరు. పోయినేడాది జిల్లా జట్టులో పదకొండుమందీ తొంభైతొమ్మిదులే. కప్పువేసిన స్టేడియంలో ఒకరి మొహం ఒకరు మొదటిసారి చూసుకున్నారు. బంతి దొరికినవాడల్లా దగ్గర్లోని ప్రకటన బోర్డుకు తన్ని, అది తిరిగొస్తుందని కాచుకుని నిలబడ్డాడు. ఏడు గోల్స్ తిన్నారు. పెట్టింది ఒక్క గోల్ లేదు, పెట్టిందల్లా గోలే.

“ఏదీ, నువ్వు తన్ను. చూస్తాను” అన్నాడు.

ఆమె తన్నింది. పాదం లోపలి అంచు, వంగిన మోకాలు, అంతా పాఠంలో ఉన్నట్టే ఉంది. బంతి మాత్రం నల్లచుక్కకు జానెడు కుడికి, తగిలీ తగలనట్టు తగిలింది. మళ్ళీ తన్నింది. జానెడు కుడికి, మెల్లగా. పది బంతులు తన్నితే పదీ అక్కడే. గురి లేనివాళ్ళ బంతులు ఇల్లంతా షికారు తిరుగుతాయి. ఇవేమో ఒకే గుమ్మం తడుతున్నాయి.

“ఇలా తన్నమని నీకెవరు నేర్పారమ్మా?”

“ఎవరూ నేర్పలేదండి. అత్తతో ఆడుకుంటాను.”

వంటగది గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న పైడితల్లి చెయ్యెత్తింది. “ఆ అత్తని నేనేనండి. పక్షవాతమొచ్చి ఎడం కాలు పడిపోతే డాక్టరుగారు బంతితో ఆడమన్నారు. నాలుగేళ్ళయింది. దానికి మిల్లు, నాకు ఒళ్ళు, ఇద్దరికీ కలిపి ఓ బంతి.”

“అత్తాకోడళ్ళు తన్నుకోవడం విన్నాను గానీ అక్కగారూ, మధ్యలో బంతి పెట్టుకోవడం ఇప్పుడే వింటున్నాను.”

“మధ్యలో అదుండబట్టే కాపరం నిలబడిందండి” అంటూ ఆమె చిక్కుడుకాయల గిన్నె కింద పెట్టింది. “ఏదీ, నువ్వూ ఓటి పంపు నాయనా.”

ఏసుపాదం అలవాటు కొద్దీ తిన్నగా, నిబంధన ప్రకారం తన్నాడు. బంతి ఆమె మోకాలి చిప్పకు ఠప్పున తగిలి వంటగదిలోకి పోయింది.

“ఓరి నీ అసాధ్యం కూలా! నేను మనిషిననుకున్నావా, గోడననుకున్నావా?” అంది ఆమె కాలు రుద్దుకుంటూ.

కాశులమ్మ బంతి తెచ్చి, ఎదురుగా నిలబడి తన్నింది. జానెడు కుడికి, మెల్లగా. అది దొర్లుకుంటూ వెళ్ళి పైడితల్లి ఎడమ పాదం పక్కన పిల్లిలా ఆగింది. ఆ పాదం జానెడు కదలగలదు, అంతకు మించి కదలదు. ఆ జానెడూ కదిలి బంతిని వెనక్కి నెట్టింది. అది వంకరగా వచ్చింది. కాశులమ్మ రెండడుగులు పక్కకు వేసి అరికాలితో అణిచి ఆపింది. ఇద్దరిలో ఎవరూ ఇదేదో విశేషమన్నట్టు చూడలేదు.

ఏసుపాదం నల్లచుక్క వైపు చూశాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈ బంతికి మార్కులు వడ్డించేది గోడ. గోడ ఎవరికీ మనవాడు కాదు.

“పరిశీలకులవారూ, ఫలితం నమోదు చేయండి” అంది తూనిక అతని చెవిలో. “సమయం నాలుగూ నలభై.”

పలక మీద రెండే గడులు: సరి, దోషం. రెండోది నొక్కితే ఏమవుతుందో శిక్షణలో ఒక్కసారి చెప్పారు. ఎదురుగోడలన్నీ ఒకే అచ్చు కాబట్టి, ఒకదానిలో దోషమంటే జిల్లాలోని పదకొండు వేల గోడలూ ఆగిపోతాయి. జాబితా ఆగిపోతుంది. ఆటగాళ్ళను పిలిపించి, ఎదురెదురుగా నిలబెట్టి, కళ్ళతో చూసి ఎంచాలి. ఆ నిబంధన చదివి అందరూ నవ్వుకుని టీకి వెళ్ళారు.

అతను ‘దోషం’ నొక్కాడు.

“కారణం ఎంచుకోండి. పగులు. తేమ. తిరుగుబలం. చెరిగిన చుక్క.”

“అవేవీ కావు. రాసుకో. గోడకు కాళ్ళు లేవు.”

తూనిక పట్టికంతా వెతికింది. “గోడలకు కాళ్ళు ఉండవు.”

“అదే దోషం. అవతలి మనిషి ఎలా అందుకుంటాడో చూసి ఇచ్చేదే పాస్. నీ గోడకు ఎలా ఇచ్చినా ఒకటే. అందుకే ఈ పిల్లకి అరవయ్యొకటి, బోర్డులకు తన్నినవాళ్ళకి తొంభైతొమ్మిది.”

“ఈ కారణం పట్టికలో లేదు. మీ ఉద్యోగ అర్హత విచారణకు వెళుతుంది. ఉపసంహరించుకోవడానికి పది నిమిషాల గడువు ఉంది.”

ఎదురుగోడ మీద దీపం ఆరిపోయింది. పై అంతస్తులో ఠప్ ఠప్ మంటున్న చప్పుడు ఆగింది, తర్వాత కిందది ఆగింది. వరండాలో తలుపులు తెరుచుకుంటున్నాయి. “మీ గోడ పని చేస్తోందాండీ?” అని ఎవరో ఎవరినో అడుగుతున్నారు.

“ఉద్యోగం పోద్దేమోనండి, వెనక్కి తీసేసుకోండి” అంది కాశులమ్మ. “ఎదురుగా నిలబెట్టినా నేను నెగ్గుతానని ఏముందండి?”

“నెగ్గకపోతే నెగ్గకపో. ఓడితే మనిషి చేతిలో ఓడు. గోడ చేతిలో ఓడటమేంటి, దానికి చేతులు కూడా లేవు!”

ఈసారి ఆమె నవ్వింది.

పలకలో అంకెలు దిగుతున్నాయి. ఎనిమిది నిమిషాలు, ఏడు. ఏసుపాదం దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, పైడితల్లి కుర్చీ పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

“నాకూ ఒకటి పంపమ్మా. ముందే చెబుతున్నాను, నా కాళ్ళు...”

“ఎడం మోకాలు కదండీ” అంది కాశులమ్మ బంతిని పాదంతో సర్దుకుంటూ. “దాని మీద బరువెయ్యలేరు. వచ్చిన కాడ్నించీ కుడికాలి మీదే నిలబడ్డారు.”

ఏటేటా వైద్య పరీక్షలో కూడా దాచుకొస్తున్న మోకాలు అది. బంతి దొర్లుతూ వచ్చి, అతను కుడికాలి మీద ఉన్నవాడు ఉన్నట్టుగానే అందుకునేలా, ఎడమ పాదానికి ఆనుకుని ఆగింది.

తిరిగి తన్నబోయి ఏసుపాదం ఆగాడు. తలెత్తి, అవతల ఆమె ఏ కాలి మీద నిలబడిందో చూశాడు.