జే పన్నెండు, ఫుల్ రేటు

ఆగండాగండి, అప్పుడే పేజీ తిప్పేయకండి. ముందు ఇది వినండి, తర్వాత నన్ను ఎంతైనా తిట్టుకోండి.

నేను కళ్లజోళ్ల షాపులో పని చేస్తాను. పగలంతా "ఈ అక్షరం కనిపిస్తోందా అండీ?" అని అందర్నీ అడుగుతుంటాను. సాయంత్రమయ్యాక నన్ను "తిన్నావా?" అని అడిగే మనిషి ఒక్కరు లేరు. అందుకే శనివారం వస్తే మా వీధి చివర థియేటర్లో నాటకానికి పోతాను. అక్కడ ఎవరో ఒకరు మాట్లాడుతుంటారు కదా, స్టేజి మీదైనా.

కొత్త టికెట్ నా వల్ల కాదు. హాలు నిండేకొద్దీ రేటు పైకెక్కుతూ పోతుంది. నేను నమ్ముకున్నది రీసేల్. సీజన్ మొత్తానికి సీటు కొనుక్కున్నవాళ్లు, అక్కర్లేని రోజు దాన్ని థియేటర్ యాప్‌లోనే అమ్మకానికి పెడతారు. అసలు ధర కంటే ఎక్కువ పెట్టనివ్వరు, తక్కువ ఎంతైనా పెట్టుకోవచ్చు. అమ్మిందెవరో, కొన్నదెవరో చెప్పరు. జనం జంటలుగా వస్తారు కాబట్టి విడి సీటు ఎప్పుడూ చవకే. ఒంటరిగాడినైనందుకు నాకు దొరికిన డిస్కౌంటు అదొక్కటే.

అలా దొరికింది జే వరసలో పన్నెండో సీటు, సగం ధరకి. జే పదకొండులో ఒకమ్మాయి కూర్చుని ఉంది.

"మీ మోచెయ్యి నా వైపుకొచ్చింది," అంది.

"మధ్యలో చెయ్యి పెట్టుకునేది ఒక్కటే ఉందండీ. దానికీ వేరే టికెట్టా?"

నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది. బయట వాన దంచికొడుతోంది. ఆ రోజు నాటకమేంటో ఇప్పటికీ చెప్పలేను.

తర్వాతి వారం అదే సీటు, అదే ధర. ఆ పై వారమూ అంతే.

"మళ్లీ మీరేనా, పన్నెండూ?"

"చవగ్గా దొరికింది, పదకొండు గారూ."

"అంటే నా పక్కన కూర్చోవడం చవకన్నమాట."

"సీటు చవకండీ. పక్కన మీరున్నందుకు విడిగా చార్జి వేయట్లేదుగా."

ఇంటర్వెల్లో కాఫీ తాగుతుంటే తెలిసింది, ఆ రెండు సీట్లూ తనవేనని. పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెబుతుంది. పన్నెండు వాళ్ల అక్కది. అక్కకి వేరే ఊళ్లో నర్సు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది.

"దాన్ని ఖాళీగా చూడలేక అమ్మేస్తున్నా. ఎవరో ఒకరు కూర్చుంటే చాలు కదా."

ఆ ఎవరో ఒకరు నేనే. ఇంటికెళ్లేదాకా ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

ఓ శనివారం షాపులో ఆలస్యమైంది. యాప్ తెరిచేసరికి పన్నెండు అమ్ముడైపోయింది. బాల్కనీలో ఓ మూల సీటు దొరికితే అక్కణ్ణుంచి చూశాను. నా సీట్లో ఒకాయన చిప్స్ కరకరలాడించి, గురకపెట్టి, మెల్లగా ఆ అమ్మాయి భుజం మీదికి వాలిపోయాడు.

ఆ తర్వాతి వారం జే పన్నెండు ఫుల్ రేటు.

నాకు అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందనుకున్నాను. రావొద్దని మర్యాదగా చెప్పడం ఇలాగే కదా. రెండు పూటలు పస్తుంటే కొనగలను, కానీ వద్దన్నచోటికి డబ్బిచ్చి మరీ వెళ్లడమేంటి? మళ్లీ బాల్కనీయే కొన్నాను.

పన్నెండు ఖాళీగా ఉంది. ఖాళీ సీటు కనిపిస్తే ఎవరైనా బ్యాగు పడేస్తారు. ఆమె బ్యాగు ఒళ్లోనే ఉంది, నీళ్లు కారుతున్న గొడుగు కూడా ఒళ్లోనే. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తిరిగి చూసింది, లైట్లు ఆరేదాకా.

ఇంటర్వెల్ ఇవ్వగానే మెట్లన్నీ దూకుతూ దిగాను. ఆమె కాఫీ కప్పుతో నిలబడి ఉంది.

"పైనేం చేస్తున్నారు?" అంది.

"మీరు రేటు పెంచారుగా."

"అయితే?"

"రావొద్దనేగా పెంచింది."

ఒకటో ఎక్కం తప్పు చెప్పిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "సగం రేటు పెడితే చిప్స్ ఆయన వచ్చాడు. చవక కోసం వచ్చేవాళ్లెవరూ కొనకూడదనే ఫుల్ రేటు పెట్టా. ఆ రేటుకైనా ఆ సీటే కావాలని మీరొక్కరే అనుకుంటారనుకున్నా." కప్పులోకి చూస్తూ, "నా లెక్క తప్పింది," అంది.

లెక్కల టీచర్ నోట ఆ మాట వినలేకపోయాను. గబగబా ఫోన్ తీశాను. "ఇప్పుడు కొంటాను."

"నాటకం మొదలయ్యాక రీసేల్ మూసేస్తారు."

"పోనీ, వచ్చే వారం?"

"ఇక ఆ సీటు అమ్మను, పన్నెండూ. ఖాళీగా ఉంటే ఉంటుంది."

"మరి ఎవరినైనా పిలుస్తారా?"

"పిలవను. రావాలనుకున్నవాళ్లకి దారి తెలుసు."

బెల్ మోగింది. కప్పు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నేనూ తలుపు దాకా వెళ్లాను. టికెట్లు చూసే పెద్దాయన నా చేతిలోది చూసి, "నీది పైన కదా బాబూ," అన్నాడు. తర్వాత జే వరస వైపు చూశాడు. "ఇంకొక్క నిమిషంలో తలుపు వేసేస్తా. పైకా, లోపలికా?"

తలుపు సందులోంచి కనిపిస్తోంది. గొడుగు మళ్లీ ఒళ్లోనే ఉంది. ఈసారి వెనక్కి తిరిగి చూడట్లేదు. కానీ రెండు సీట్లకీ మధ్యనున్న ఆ ఒక్క చోటు మీంచి తన మోచెయ్యి తీసేసింది.

లైట్లు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. నా చేతిలో ఉన్నది బాల్కనీ టికెట్. మీరైతే ఎటు వెళ్తారు?