ఎరుపు తగ్గని నీళ్ళు

ఆ ఇంటి ముందుగదిలో గోడ పొడవునా ఒక ఉప్పునీటి ట్యాంకు ఉండేది. లోపల రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు, వాటి మధ్య తిరుగుతూ తెల్ల పట్టీల నారింజ చేపలు రెండు. చిన్నోడి అన్నయ్య ముచ్చటపడి పెట్టుకున్నది. ఓడల అడుగున వెల్డింగు చేసే పని ఆయనది. రోజంతా సముద్రంలో నాని వచ్చి, ఇంట్లో కూడా సముద్రమే కావాలన్న మనిషి. ఒకరోజు నీళ్ళలోకి దిగినవాడు మళ్ళీ పైకి రాలేదు. ఎంత వెతికినా శవం కూడా దొరకలేదు.

అప్పటి నుంచి వదిన ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. చేపలకి మేత వేశాక తనూ రెండు ముద్దలు తినేది. పగడం విచ్చుకుంటే కాస్త నవ్వేది. అప్పట్లో మూడోదిగా ఉన్న చిన్న చేప చచ్చిపోయిన వారం మాత్రం మంచం దిగలేదు, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఈ ట్యాంకు పోతే వదిన కూడా దక్కదని మరిదికి అప్పుడే అర్థమైంది. తల్లి లేని పిల్లాడికి అన్నం కలిపి పెట్టి పెంచింది ఆమే. ముప్ఫై దాటి, చేతి గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాక కూడా ఆమెకి వాడు చిన్నోడే.

చేపల రెట్ట, మిగిలిన మేత కుళ్ళి నీళ్ళలో నైట్రేట్ చేరుతుంది. ఎక్కువైతే పగడాలు ముడుచుకుపోతాయి. చిన్న గాజుసీసాలో కాసిని నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి చూడాలి. మంచి నీళ్ళైతే పసుపు, పాడైతే ఎరుపు. చిన్నోడు ఎప్పుడు చూసినా ఎరుపే. మేత తగ్గించాడు. ఇసుక కడిగాడు. సగం నీళ్ళు తోడేసి, కొత్తగా ఉప్పు కలిపి పోశాడు. సాయంత్రానికి పసుపు. తెల్లారేసరికి మళ్ళీ నెత్తురు రంగు.

చేపల కొట్టాయనకి వీళ్ళింట్లో పేరు ఉప్పాయన. ట్యాంకులోకి ఉప్పు అమ్మేది ఆయనే. చిన్నోడు కొట్టుకి తెచ్చిన సీసాని వెలుతురుకి పెట్టి చూసి పెదవి విరిచాడు.

"రెండు చేపలకి ఇంత ఎరుపా? లోపల ఏదో కుళ్ళుతోందయ్యా."

"మొత్తం వెతికానండీ. ఏమీ లేదు."

"మేకంత శవం పడి ఉంటే తప్ప ఇంత రాదు మరి!" అని పగలబడి నవ్వాడు. చిన్నోడూ నవ్వాడు గానీ, ఇల్లు చేరేదాకా ఆ మాట వాడిని వదల్లేదు.

ఉప్పాయన చెప్పిన విరుగుడు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. రోజూ కొన్ని చుక్కల వోడ్కా. తాగేది చేపలు కాదు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు. అవి పెరుగుతూ నైట్రేట్‌ని తినేస్తాయి. నురగ తీసే మిషన్ వాటిని బయటికి లాగేస్తుంది.

"చుక్కలే సుమా! ఎక్కువైతే నీళ్ళు తెల్లబడి, అందులో గాలంతా అవే పీల్చేస్తాయి. మిషన్ అసలు ఆపొద్దు," అని మరీ మరీ చెప్పాడు.

ఆత్రగాడికి బుద్ధి మట్టు. వెంట్రుకంత స్ప్రింగుల్ని గంటలకొద్దీ ఓపిగ్గా సర్దే మనిషి, పెద్ద పగడం అంచు తెల్లబడటం చూసి ఓపిక పోగొట్టుకున్నాడు. ఒకరోజు పొద్దున్నే మూత నిండా వోడ్కా పోసేశాడు. పైగా వదిన కుర్చీలోనే కునుకు తీస్తోందని, గురగురమనే నురగ మిషన్ ఆపేసి కొట్టుకి వెళ్ళాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మధ్యాహ్నం ముసురు పట్టింది. వాడు తిరిగొచ్చేసరికి కరెంటు లేదు. గదిలో చీకటి. ఆ చీకట్లో ట్యాంకు ఒక్కటే తెల్లగా ఉంది, పాలు పోసి నింపినట్టు. రాయి లేదు, పగడం లేదు, ఏదీ కనిపించడం లేదు. గదంతా ఒక వాసన. చేపల వాసన కాదు... తడిసిన రబ్బరు, తుప్పు, మనిషి చెమట. చేపలు రెండూ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి.

ప్ప్... ప్ప్...

అదే చప్పుడు వెనక నుంచి కూడా.

తిరిగి చూశాడు. వదిన కుర్చీలో నిటారుగా ఉంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. చేపలు తెరిచినప్పుడే... మూసినప్పుడే...

"వదినా!"

"నీళ్ళు మార్చకు చిన్నోడా..." గుసగుసగా అంది. "నువ్వు మార్చినప్పుడల్లా... ఆయన ఎంత విలవిల్లాడాడో..."

"ఎవరు వదినా?"

ఆమె పెదాలు నీలమవుతున్నాయి. అంబులెన్సుకి ఫోన్ చేశాడు. వస్తున్నామన్నారు. ఈలోగా చేయగలిగింది ఒక్కటే. బ్యాటరీతో నడిచే గాలి మిషన్ ఆన్ చేసి, దాని సన్న గొట్టాన్ని ఆ తెల్లటి నీళ్ళలోకి వదిలాడు.

మోకాలెత్తు ట్యాంకు. మూరెడు దిగేసరికి ఇసుక తగలాలి.

తగల్లేదు.

గొట్టం దిగుతోంది. రెండు మూరలు... బారెడు... వేళ్ళ మధ్య నుంచి జారిపోతూనే ఉంది. కింద నుంచి ఎవరో అందుకుంటున్నట్టు. చుట్ట మొత్తం విప్పుకుంది. మిషన్ కూడా నీళ్ళలోకి పోబోతుంటే గొట్టాన్ని గుప్పిట బిగించి ఆపాడు.

వదిన గట్టిగా ఊపిరి పీల్చింది. ముఖంలోకి రంగు వచ్చింది. బతికింది... వదిన బతికింది! చిన్నోడికి ఏడుపొచ్చింది.

అప్పుడు గొట్టం కదిలింది. ఒక లాగుడు. ఇంకొకటి. గబగబా, ఆగకుండా.

అన్నయ్య ఒకసారి అన్నం తింటూ చెప్పాడు. నీళ్ళ కింద మాటలుండవురా, తాడే మాట. ఆగకుండా లాగుతున్నారంటే ఒకటే అర్థం... నన్ను పైకి లాగండి.

రెండు చేతులా పట్టుకుని లాగాడు. బరువు. మనిషంత బరువు. మూరెడు పైకి వచ్చింది. వెనక వదినకి ఊపిరాడలేదు, కళ్ళు తేలేసింది. సడలించాడు. ఆమెకి ఊపిరొచ్చింది. మళ్ళీ లాగాడు... మళ్ళీ ఆమె ముఖం నల్లబడింది.

"అన్నయ్యా... నా వల్ల కావట్లేదు..."

"లాగు చిన్నోడా," గొట్టం సడలగానే అంది వదిన. "నన్ను చూడకు. లాగు."

లాగలేకపోయాడు. వదల్లేకపోయాడు. నడక నేర్పినవాడు అటు, అన్నం పెట్టినామె ఇటు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తూ అలాగే నిలబడిపోయాడు.

వీధి తలుపు దబదబా కొడుతున్నారు. అంబులెన్సు వాళ్ళు. తెరవాలంటే గొట్టం వదలాలి. వదిలితే మిషన్ మునుగుతుంది.

కరెంటు వచ్చింది. ట్యాంకు లైటు వెలిగింది. తెలుపు మెల్లగా విరుగుతోంది. ముందు రాళ్ళు కనిపించాయి, తర్వాత అడుగున ఇసుక. మోకాలెత్తు నీళ్ళు, రెండు చేపలు, అంతే. గొట్టం చివర ఇసుక మీద ఊరికే పడి ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు. మిషన్ ఆడుతూనే ఉన్నా అందులోంచి ఒక్క బుడగ కూడా రావడం లేదు.

చిన్నోడి గుప్పిట్లో మాత్రం లాగుడు ఆగలేదు.