ఖాళీ గది గ్రాఫు

ఉదయం 8.20. మెక్సికోలోని గ్వాదలహారా నగరం.

ఎలక్ట్రానిక్ పరికరాల పరీక్షశాల. ఇనుప తలుపు గదిలో ఇంజనీరు లియాండ్రో బోర్లా పడి ఉన్నాడు. పుర్రె పగిలింది. పక్కనే యాంటెన్నా స్టాండు, దాని కాలికి రక్తం, జుట్టు.

టెక్నీషియన్ నయేలి చేతులకు బేడీలు. పెదవి చిట్లింది.

"శవం దగ్గర దొరికింది మేడం. రెండు తగిలిస్తే ఒప్పుకుంటుంది," అన్నాడు కానిస్టేబుల్.

"నోర్ముయ్! నీ సంగతి తర్వాత చూస్తా." ఇన్‌స్పెక్టర్ ఒఫీలియాకు ఒళ్లు మండిపోయింది.

బయట సోఫాలో వాచీల కంపెనీ యజమాని డామియాన్ కాఫీ తాగుతున్నాడు.

"ఎప్పుడొచ్చారు?"

"ఎనిమిదీ పదికి. మా స్మార్ట్‌వాచీని ఆ ఇంజనీరు నిన్న ఫెయిల్ చేశాడు. ఆస్పత్రిలో గుండె మిషన్లను చెడగొడుతుందట! ఇదుగో, ఆర్నెల్లుగా నా చేతికే ఉంది. ఏమైంది?"

"లోపలికెళ్లారా?"

"ఆ గడపే తొక్కలేదు."

ఒఫీలియా నయేలి వైపు తిరిగింది. "ఈ గదిలో పొద్దున ఏం చేస్తారమ్మా?"

"లోపల ఏ పరికరం ఉన్నా దాని సిగ్నల్ గ్రాఫులో గీతలుగా పడుతుంది, అందుకే ఫోన్లు, వాచీలు బయట ట్రేలో పెట్టి వెళ్తాం మేడం. ముందు ఖాళీ గదిలో సిగ్నళ్లు కొలుస్తాం. 7.40 నుంచి 8.05 దాకా మిషనే గ్రాఫు గీస్తుంది. సార్ లోపల కేబుళ్లు సర్దుకుంటుంటారు. తలుపు మూస్తే బయటి సిగ్నల్ ఒక్కటీ రాదు, లోపలి కేక బయటికి పోదు."

"ఆ గ్రాఫూ, నిన్నటి వాచీ గ్రాఫూ తియ్యి."

ఒఫీలియా రెండు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీకి ఆనించింది.

"7.51కి తలుపు తెరుచుకుంది. ఊళ్లో రేడియో సిగ్నళ్లన్నీ గ్రాఫులో పడ్డాయి. వెంటనే మూసుకుంది. అయినా ఐదు గీతలు, 7.56కి తలుపు మళ్లీ తెరుచుకునేదాకా పోలేదు. నిన్న ఫెయిలైన వాచీవీ ఇవే ఐదు. పరీక్షకిచ్చిన వాచీలు బీరువాలో సీలు వేసి ఉన్నాయి. ఇక మిగిలింది మీ చేతిది."

డామియాన్ మొహం పాలిపోయింది.

"ఫోను ట్రేలో పెట్టావు, వాచీ విప్పలేదు. నీ వాచీలో ఏ లోపమూ లేదన్న అబద్ధాన్ని నువ్వే నమ్మావు కదయ్యా!"

కప్పు భళ్లున పగిలింది. డామియాన్ ఒక్క దూకు దూకి నయేలి జుట్టు పట్టుకున్నాడు. కప్పు పెంకు ఆమె గొంతుకు గుచ్చుకుంటోంది.

"రెండో సంతకం దీనిది! ఇదీ చస్తే ఫెయిల్ కాగితం చెల్లదు!"

ఒఫీలియా పేల్చింది. మోకాలు చిట్లి డామియాన్ కూలిపోయాడు. వాచీ ఇంకా అతని గుండె వేగం చూపిస్తూనే ఉంది, నూట అరవై.

బేడీలు తీయగానే నయేలి మెడమీది రక్తం తుడుచుకుంది. లియాండ్రో బల్లమీది ఫెయిల్ కాగితం అందుకుంది. కింద ఆయన సంతకం ఉంది.

"పెన్నివ్వండి మేడం," అంది. పక్కనే తన సంతకం పెట్టింది.